బెజవాడలో పొయ్యి ముట్టనన్న కూర్మమ్మ

కోటబొమ్మాళి పక్కన ఓ పల్లెలో కూర్మమ్మ అనీ రైతు ఇల్లాలుండీది. కాపరానికొచ్చిన కాణ్నించీ ఆ మనిసి పొయ్యి రాజెయ్యని పొద్దు నేదు. పుట్టింటికెల్లినా అంతే, సుట్టాలింట పెళ్లికెల్లినా అంతే. "కూర్మొచ్చీసింది, మరి పులుసు గురించి బెంగ నేదర్రా" అనీవోళ్లు. ఆ మాటకి పొంగిపోయి గరిటి అందుకునీది. అలాగే ఏళ్లెల్లిపోనాయి.

ఆ యేడు కోతలయ్యేక, నగరేశ్వరరావు కొట్లో ఉప్పు కొనడానికెల్లి గోడమీద కేలండరు సూసింది. ఊరూరంతా నీళ్లే. ఈదులుండాల్సిన సోట కాలవలు, మేడల గుమ్మాల కాడ పడవలు.

"ఇదెక్కడ బాబూ?"

"దొరల దేశంలోనమ్మా. ఓడెక్కెల్లాలి."

"ఓడ మన వల్ల కాదుగాని, రైలెక్కితే అలాటిదేదీ రాదేటి?"

షావుకారు నవ్వీసి, "బెజవాడెల్లు. ఊరి మద్దినించే కాలవలు. పడవలూ తిరుగుతాయి" అన్నాడు.

ఇంటికొచ్చి మొగుడు జగన్నాధానికి అన్నం ఒడ్డిస్తూ సెప్పీసింది. "మావా, పిల్లగుంటల్ని తీసుకుని బెజవాడెల్దుం. సత్రంలో దిగుదుం, ఓటేల్లో తిందుం, పడవెక్కుదుం. జమీందార్లలాగొద్దు, అలాగని సద్దిమూటలూ ఒద్దు. ఒక్కటే మాట, అక్కడ నాను పొయ్యి ముట్టను."

జగన్నాధం మెత్తటోడు. "మిరపకాయల డబ్బులున్నాయి గదా, ఎల్దుం లే" అన్నాడు.

ఆ మర్నాటినించీ కూర్మమ్మ బెజవాడ సూసొచ్చినోళ్లని ఒక్కల్ని ఒదల్నేదు. ఏ సత్రంలో నీళ్లు బాగుంటాయి, ఏ ఓటేల్లో కారం తక్కువేస్తారు, పడవలో గుంటలకి బయ్యమేస్తాదా, అన్నీ అడిగీసింది.

ఇంతలో జగన్నాధం ఓ పని సేసేడు. ఆడి తోడబుట్టిన అప్ప లక్ష్మణమ్మ బెజవాడలోనే ఉంటాది, మొగుడికి రైల్లో పని. నరసన్నపేటలో లారీ డ్రైవరు ఎర్రన్న కనబడితే, అప్పకిమ్మని అరబస్తా కొత్తబియ్యం ఎక్కించీసేడు. ఇంటికొచ్చి గొప్పగా సెప్పేడు.

కూర్మమ్మ సేతిలో సేట ఆగిపోయింది. "బియ్యం ముందెల్లిపోతే మనుసులు ఎనకాలొచ్చి దిగుతారనీ గదా అర్దం! నీకు తెల్దేటి?"

"అప్పకి బరువు కాకూడదనీ..."

"సత్రంలో దిగీవోళ్లం బరువేటి? ఇప్పుడాయమ్మింట్లో దిగకపోతే 'నా సేతి కూడు పనికిరాదేటి' అంటాది. దిగితే నాను కూకోగల్నా? మళ్లీ గరిటే గదా!" సేట కింద పెట్టీసింది. "నువ్వూ గుంటలూ ఎల్లి రండి. నాను రాను."

అరవనేదు, ఏడవనేదు. వొండింది, పెట్టింది, మాటాడ్డం మానీసింది. అదే జగన్నాధానికి బాధయ్యింది.

ఎర్రన్న లారీ మళ్లీ బెజవాడెల్తందని తెలిసి నరసన్నపేట పరుగెట్టేడు. "మా అప్పతో సెప్పు. బియ్యం పుట్టింటి పంట, ఆడపిల్ల వాటాగా అప్పకే. మేం మాత్రం సత్రంలో దిగుతాం. కూర్మకి వొండడం ఇసుగొచ్చిందనీ సెప్పీయ్, దాపరికం ఒద్దు."

టీ కొట్టు కాడ లారీలోళ్లంతా గొల్లుమన్నారు. "ఏటి మావా, పెళ్లానికి సెలవిచ్చీసేవేటి?"

"ఇచ్చేన్రా. నీ పెళ్లానికి నువ్వెప్పుడిస్తావో సూసుకో" అన్నాడు జగన్నాధం.

ఇంటికొచ్చి ఆ సంగతి సెప్తే కూర్మమ్మకి ఓ పక్క సంబరం, ఓ పక్క గుబులు. "వదినేటంటాదో" అనుకుంటా రోడ్డుకేసి సూసీది.

ఎర్రన్న తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఓలమ్మా, మీ వదిన సెప్పమన్న మాట ఉన్నదున్నట్టు సెప్తన్నాను, నన్ననకు. 'ఒసే కూర్మా, బియ్యం ముట్టేయి. సత్రంలో గది పెద్దది సూడండి, నానూ వస్తన్నాను. ఇన్నేళ్లనుంచీ కాలవగట్టునే ఉన్నాం, ఈయన నన్నొక్కపాలి పడవెక్కించిన పాపాన పోనేదు. ఇంట్లో బియ్యమున్నాది, పొయ్యున్నాది, ఆయనే వొండుకుంటాడు' అన్నాది."

కూర్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. జగన్నాధం మాత్రం తల గోక్కున్నాడు. "మా బావకి గంజి వార్చడం కూడా రాదే. ఎలాగ?"

"నేర్సుకుంటాడు లే" అన్నాది కూర్మమ్మ. "మావా, పొద్దుట పాసింజరుకెల్దుమా, సాయంత్రం బండికెల్దుమా?"