అక్క పేరు లేని ప్రార్థన

పాతపట్నం నుంచి అంతోని బావ ఫోను చేసింది బుధవారం సాయంత్రం. "మీ అక్కకి బాగునేదు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నీ సేత ప్రార్థన సేయించుకోవాలంతంది, బేగి రా" అన్నాడు. పన్నెండేళ్ళలో మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట.

మేము శృంగవరపుకోట బాప్టిస్టులం. మా నాన్న సంఘపెద్ద, ఆయన తర్వాత నేను. అక్క రూతమ్మ రోమన్ కేథలిక్కు అయిన అంతోనిని ఇష్టపడి చేసుకుని, వాళ్ళ గుడిలోనే కలిసిపోయింది. విగ్రహాల వాళ్ళలో కలిసిన పిల్ల తనకు లేదన్నాడు నాన్న. మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకు అమ్మ అందర్నీ మోకరింపజేసి, సొంత మాటలతో ప్రార్థన చేసేది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి దేవుడికి అప్పగించేది. చివర్లో మా గేదె ముత్యాలు పేరు కూడా వచ్చేది. అక్క పెళ్ళినాడే ఆ వరసలోంచి ఆమె పేరు తీసేయమన్నాడు నాన్న. అమ్మ తీసేసింది. అమ్మ పోయాక ఆ ప్రార్థన నా వంతుకు వచ్చింది. నేనూ చేర్చలేదు. నాన్న పోయి కూడా నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళూ నన్ను ఆపినవాళ్ళెవరూ లేరు.

గురువారం ఉదయం అయిదున్నరకు శృంగవరపుకోటలో బస్సెక్కాను. విజయనగరం స్టేషను బయట రెండిడ్లీ తిన్నాననిపించి, ఏడున్నరకు గుణుపురం పాసింజరు పట్టుకున్నాను. వెళ్ళదలచినవాళ్ళు కాస్త ముందే చేరుకోండి, కిటికీ పక్క సీటు దొరుకుతుంది. శ్రీకాకుళం రోడ్డులో ఎండుచేపల గంపతో ఒక పెద్దావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది.

"ఏటి బాబూ, ముకం అలగున్నాది?"

చెప్పాను. ఆవిడ గంప కాళ్ళ దగ్గరకు లాక్కుంది. "మీరూ కిరస్తానోళ్ళే, ఆళ్ళూ కిరస్తానోళ్ళే కదా. మరి తగువేటి?"

ఆదివారం బడిలో పిల్లలకు చెప్పినట్టే మొదలుపెట్టాను. వాళ్ళు పసిపిల్లలకే జ్ఞానస్నానం ఇస్తారు, మేము బుద్ధి తెలిశాక నీళ్ళలో ముంచి బాప్తిస్మమిస్తాం. వాళ్ళ ఫాదరు పెళ్ళి చేసుకోడు, మా పాస్టరుగారికి నలుగురు పిల్లలు. వాళ్ళు మరియమ్మకు జపం చేస్తారు, మేము చేయం. వాళ్ళు చనిపోయినవాళ్ళ కోసం కూడా ప్రార్థిస్తారు, మేము బతికున్నవాళ్ళకే చేస్తాం.

"మరి బతికున్న అక్కకి సేసినావా?"

నేను కిటికీలోంచి బయటకు చూశాను. ఆవిడ టెక్కలిలో దిగుతూ, "అక్క కాళ్ళు ఒక్కపాలి పట్టుకో బాబూ" అని చెప్పి వెళ్ళింది.

పదకొండు దాటాక పాతపట్నంలో దిగాను. ఆటోలో ఇంటికి చేరేసరికి పదకొండూ నలభై. అంతోని బావ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. గోడకు దేవమాత పటం, దాని ముందు కొవ్వొత్తి, అక్క వేళ్ళ మధ్య జపమాల. కిడ్నీల జబ్బుతో ఒళ్ళంతా ఉబ్బింది. కళ్ళు మాత్రం మా అమ్మ కళ్ళు.

"వచ్చీసినావా తమ్ముడూ" అంది. ఊపిరి తీసుకుని, "గేదె పేరు కూడా సెప్పేవోళ్ళం గదరా. నా పేరు తీసీసినారట" అంది. కోపంగా అన్నా బాగుండేది. "ఒక్కపాలి అమ్మ సేసినట్టు సెయ్యరా. అందరి పేర్లూ సెప్పి, నాది కూడా సెప్పు. ఇని పోతాను."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఇంతలో వీధిలో మోటారు సైకిలు ఆగింది. వాళ్ళ విచారణ గురువు, అంటే ఆ ఊరి గుడి ఫాదరు, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, చిన్న నూనె సీసాతో లోపలికి వచ్చాడు. అవసాన వేళలో నుదుటికి, అరచేతులకు నూనె రాసే అభ్యంగనం చేస్తారు వాళ్ళు. నేను లేచి నిలబడ్డాను.

"ఉండిపో. ఉంటే ఏటైపోద్ది?" అన్నాడు బావ.

"మీది కానివ్వండి. తర్వాత నేను చేస్తాను" అన్నాను.

నూనె రాస్తున్నచోట, మరియమ్మ జపం సాగుతున్నచోట సంఘపెద్ద నిలబడ్డాడని కోటలో తెలిస్తే ఏమనుకుంటారో అని నా భయం. ఇరవై ఏళ్ళుగా అది తప్పని చెప్పినవాణ్ణి. అక్క నా వైపే చూస్తోంది. నేను గుమ్మం దాటి అరుగు మీదకు వచ్చేశాను. లోపల ఆడవాళ్ళు మరియమ్మకు చేసే మంగళవార్త జపం అందుకున్నారు. గడియారం చూసుకున్నాను, పన్నెండుంబావు. పది నిమిషాల పనేగా అనుకున్నాను. జపం మధ్యలో తెగిపోయింది. ఒక ఆడగొంతు పెద్దగా ఏడ్చింది.

లోపలికి పరుగెత్తాను. అక్క నుదుటి మీద నూనె ఇంకా తడిగానే ఉంది. కాళ్ళు పట్టుకున్నాను. అప్పుడు పేరు పెట్టి పిలిచాను, ఇంటి కప్పు ఎగిరిపోయేలా పిలిచాను.

గురువు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "లోపలే ఉండాల్సిందండీ. ముందు మిమ్మల్నే ప్రార్థన చేయమనేవాణ్ణి" అన్నాడు. ఆయన నిందించలేదు. నిందిస్తే తట్టుకునేవాణ్ణేమో.

శుక్రవారం పది గంటలకు వాళ్ళ సమాధుల తోటలో పాతిపెట్టారు. పవిత్ర జలం చల్లమని బావ గిన్నె అందించాడు. నా చెయ్యి ముందుకు రాలేదు, మట్టి మాత్రం వేశాను. ఆ పూట కూడా నేను మారలేదు, దాచడం దేనికి? స్టేషనుకు తనే బండి మీద దింపాడు. "ముప్పయ్యో రోజున పూజ పెడతన్నాం. గుళ్ళో మీ అక్క పేరు సదువుతారు. నువ్వు రావాల" అన్నాడు. తల ఊపాను. బతికుండగా మేము తీసేసిన పేరును, అక్క చనిపోయాక కూడా వాళ్ళు చదువుతారట.

మధ్యాహ్నం బండి ఖాళీగానే ఉంది. చీపురుపల్లి దగ్గర కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. నా భార్య పేరు, పిల్లల పేర్లు వచ్చాయి. అక్క పేరు దగ్గరకు వచ్చేసరికి కళ్ళు తెరిచేశాను. పోయినవాళ్ళకు ప్రార్థన పనికిరాదని పిల్లలకు నేర్పింది నేనే.

ఇదేమంత కష్టమైన ప్రయాణం కాదు. పొద్దున్నే విజయనగరంలో బండెక్కితే మధ్యాహ్నం భోజనాలకు పాతపట్నం చేరతారు. మా ఇంటి నుంచి అక్క ఇంటికి ఒక్క పూట దూరం. నాకు పన్నెండేళ్ళు పట్టింది, అదీ గుమ్మం దాకానే.