మాస్టారు నేల మీద పరిచిన జాలీ

మాస్టారు పోయారన్న కబురు బస్సులో తెలిసింది. విజయవాడ నుంచి నందిగామ వస్తున్నాను. కంచికచర్ల దగ్గర అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఫోన్ చేశారు. "మీ సార్ పొద్దున పోయారు బాబూ," అన్నారు. ఈ మధ్య ఏ చెడ్డ కబురు విన్నా నాకు ముందు నీరసం వస్తోంది. ఏడుపు ఎప్పుడో తర్వాత వస్తోంది.

ఆయన జగ్గయ్యపేటలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేను నందిగామలో అదే సబ్జెక్టు చెబుతాను. మా ఇద్దరికీ హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని, ఇంట్లో కూర్చుని, ముఖం తెలియని వాళ్ళతో సముద్రాల అవతలిదాకా మాట్లాడటం. ఆదివారం చర్చి నుంచి రాగానే మాస్టారు తెల్లచొక్కా మేకుకి తగిలించి, బనీనుతో పెరట్లోకి దిగేవారు. అక్కడ నిటారుగా ఒక అల్యూమినియం గొట్టం. అదే ఏంటెనా.

"పైకి కనపడేది సగమేనయ్యా. మిగతా సగం పని నేల చెయ్యాలి," అనేవారు.

ఆ నేలేమో జానెడు మట్టి, కింద సున్నపురాయి. ఎండాకాలం కరెంటు మోయనే మోయదు. తీగలు పాతుదామంటే గునపం దిగదు. అందుకని కోళ్ళ జాలీ ఐదు పట్టీలు తెచ్చి గొట్టం చుట్టూ నేల మీదే పరిపించారు. పక్కింటాయన గోడ మీంచి చూసి, "కోళ్ళెప్పుడొస్తాయండీ మాస్టారూ?" అని కనపడినప్పుడల్లా అడిగేవాడు. "ఆర్డరిచ్చానండి, రేడియోలో వస్తాయి," అనేవారు మాస్టారు నవ్వకుండా.

పట్టీ పట్టీ కలిసేచోట జానెడుకొకటి చొప్పున సీసం కరిగించి టంకం వెయ్యాలి. ఉత్తినే మెలిపెడితే తుప్పు పట్టి వదిలేస్తుంది. ఆయనకి అప్పటికే చూపు ఆనడం లేదు కాబట్టి ఆ పని నాది. మూడు అతుకులు వేశాను. దక్షిణం గోడ వారన నాలుగోది మిగిలింది. వారమంతా బడి, ఆదివారం ఇది, పైన ఎండ. ఒళ్ళు సహకరించలేదు. బైండింగ్ వైరుతో మెలిపెట్టి మట్టి కప్పేశాను.

"అన్నీ వేశావా?"

"వేశా సార్."

అమ్మగారు పెట్టిన పప్పుచారన్నం తిని బస్సెక్కాను.

ఆ వానాకాలం నుంచి బాధ మొదలైంది. చినుకు పడితే రేడియో మీటరు ముల్లు నిలవకుండా ఊగేది. "ఈ నేలకి ఇంకొంచెం టైమివ్వాలయ్యా," అనేవారు మాస్టారు. వానలు వెనకబడితే తడి ఆరితే నేల సర్దుకోదని బిందెలతో నీళ్ళు పోసేవారు. డెబ్బై దాటిన మనిషి బిందె మోస్తుంటే నేను అందుకునేవాణ్ణి గానీ, తప్పు నాదని చెప్పలేకపోయాను. చెబితే నా మీద ఆయనకున్న నమ్మకం పోతుందని భయం. వచ్చే వారం చూసుకుందాంలే అని ప్రతి వారం అనుకున్నాను.

ఒక ఆదివారం వెళ్ళేసరికి ముసురు పట్టి ఉంది. ముల్లు మాత్రం ఊగడం లేదు.

"నేల దారికొచ్చిందయ్యా," అన్నారు, వేళ్ళకి మందు రాసుకుంటూ.

"చెయ్యి కాలిందా సార్?"

"టీ గిన్నె."

బతికిపోయాను అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మాస్టారి కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడు అమ్మగారు జాలీ తీసెయ్యమన్నారు. "కాలికి తగులుకుంటోంది బాబూ. ఆయనున్నప్పుడు చూసుకుని నడిచేదాన్ని."

గడ్డి జాలీ కళ్ళలోంచి మొలిచి అల్లుకుపోయింది. కోసుకుంటూ, చుట్టుకుంటూ దక్షిణం గోడ దాకా వచ్చాను. నాలుగో అతుకు దగ్గర మట్టి తుడిచాను. నేను పెట్టిన మెలికలు అలాగే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. ప్రతి మెలిక మీదా టంకం ఉంది. కొన్నిచోట్ల కారిపోయి, కొన్నిచోట్ల పక్కకి పడి, మళ్ళీ వేసి. చూపు ఆనని మనిషి తడుముకుంటూ వేసిన టంకం. జానెడుకొకటి, గోడ చివరిదాకా.

"వస్తోందా బాబూ?" అన్నారు అమ్మగారు గుమ్మంలోంచి.

"ఇది రాదండీ. గట్టిగా పట్టేసింది."

"పోనీ, ఉండనీ. అటు నేను వెళ్ళనులే."

తప్పు చెప్పుకోవడానికి మాస్టారు లేరు. ఆ అతుకు మీద మట్టి మళ్ళీ కప్పాను. కప్పుతుంటే టంకం బొట్లు ఒక్కొక్కటే అరచేతికి తగిలాయి.