‘వస్తే’ కాదు, ‘అచ్చినంక’

మా మేడం పోయారని సిరిసిల్ల నుంచి కబురొచ్చింది. గుండెపోటట. ఎవరో చెబితే ఆగే మనిషి కాదు, చివరికి తనంతట తానే ఆగిపోయారు.

కోరుట్ల మున్సిపాలిటీలో ఆమె పట్టణ ప్రణాళిక అధికారి, నేను ఆమె దగ్గర నక్షాలు గీసేవాణ్ణి. ముక్కుసూటి మనిషి. చాయ్ ఎప్పుడూ చల్లారాకే తాగేవారు. వేడిది తాగాలంటే ఒకచోట కుదురుగా కూర్చోవాలి కదా అనేవారు.

ఇరవై ఏళ్ళకు ఊరెలా ఉండాలో గీయమంటే అందరూ ఒక్క నక్షాయే గీస్తారు. ఆమె మూడు గీయించారు. జనం ఇలాగే దుబాయికీ మస్కట్‌కూ పోతూ ఉంటే ఒకటి, ఇక్కడే పనులు పుడితే ఒకటి, పోయినవాళ్ళంతా ఒక్కసారే తిరిగొస్తే ఒకటి. ఏది జరుగుతుందో ఎవరికీ తెలియదు, అందుకే మూడింట్లోనూ పనికొచ్చే జాగా వెతకాలి అనేవారు. అలా దొరికిందే బస్టాండు వెనక సర్కారు భూమి. అక్కడ పని షెడ్లు, పక్కనే టౌను బస్సు ఆగే చోటు. దుకాణాలు కట్టి అమ్ముకుందామని పెద్దమనుషులు అప్పటికే ఆ భూమి మీద కన్నేసి ఉన్నారు.

మూడో నక్షా పట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. చాలామంది భర్తలు గల్ఫులోనే ఉన్నారు. “ఒకవేళ మీ ఇంటోళ్ళు వాపస్ అస్తే...” అని మేడం మొదలుపెట్టగానే చేతులన్నీ ఆగాయి.

“అస్తే ఏంది మేడం?” అంది ఒక పెద్దామె, చాట పక్కన పెట్టి. “గా మాట మేం అనం. అచ్చినంక అను.”

ఆ ఇళ్ళలో ‘వస్తే’ అనడం అపశకునం. సిరిసిల్ల బిడ్డ అయ్యుండి మేడం అది మరిచారు. “తప్పయింది అవ్వా. అచ్చినంక ఏడ పనిచేస్తరు?” అని మళ్ళీ అడిగారు. అంతే, తలా ఒక మాట. వెల్డింగు, ఏసీల రిపేరు, కటింగు షాపు. బస్సు ఏ మూల ఆగాలో కూడా వాళ్ళే చెప్పారు. ఆఫీసుకు రాగానే నక్షా మీద ‘వస్తే’ చెరిపించి ‘వచ్చినంక’ అని రాయించారు.

అది చూసి పై అధికారి నవ్వాడు. “వాళ్ళకే లేని బాధ మీకెందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“కందను అడిగిండ్రా సార్?” అన్నారు మేడం.

బయటికొచ్చాక నాతో ఒక్క మాట చెప్పారు. “మా బాపు బొంబాయి దిక్కు భీవండి నుంచి వాపస్ అచ్చిండు. బట్ట నేసే సాంచె పెట్టుకుందామంటె సిరిసిల్లల జాగ దొరకలే. మళ్ల పోయిండు. ఇగ రాలే.”

ప్రణాళిక ఖాయం కాకముందే ఆమెను బదిలీ చేశారు. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. గీసే ప్రతి గీత మీద ఎవరు నిలబడతారో అడగడం నాకు నేర్పింది ఆమే.

ఆమె దినాలు ఇంకా కాలేదు. మస్కట్ నుంచి వచ్చిన ఒకతను బస్టాండు వెనక ఇంకా ఖాళీగానే ఉన్న ఆ భూమిలో వెల్డింగు మిషను దించుకున్నాడు. ఖాళీ చేయించి రమ్మని ఆఫీసు నుంచి నన్నే పంపారు.

“ఈ జాగ నీకు ఎవరిచ్చిండ్రు?” అని అడిగాను.

“బీడీలు చేసే మా అవ్వ చెప్పింది సార్. మేడం ఈడ్నే అన్నదట,” అన్నాడు, కప్పు రేకు ఒక కొస ఎత్తి పట్టుకుని.

రెండో కొస గాలికి లేస్తోంది. వెళ్ళి దాన్ని పట్టుకున్నాను. అతను బోల్టు బిగించేదాకా వదల్లేదు.