ముక్కుల వదిన గేటు

మా వదినను ఎవరైనా అసలు పేరుతో పిలవగా విని ఏళ్ళయింది. ఆఫీసు వాళ్ళకు, వంటాయనకు, ఏడాదికోసారి దేశదేశాల నుంచి దిగే కుర్రకారుకు కూడా ఆమె వదినే. దానికి కారణం నేను. మా అన్నయ్య భార్య కాబట్టి నేను వదినా అన్నాను, విన్నవాళ్ళంతా అదే పట్టుకున్నారు. వెనకాల మాత్రం ముక్కుల వదిన అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవడికుంది?

మేమిద్దరం పనిచేసేది అడవి అంచున ఉన్న కోతుల పరిశోధన కేంద్రంలో. పేరు వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, ఉన్నది రెండు రేకుల షెడ్లు, ఒక ల్యాబు, ఒక వంటగది, నేను నడిపే జీపు. లోపల అడవిలో నల్లమూతి కోతుల మంద ఒకటుంది. అలాంటి కోతులు ప్రపంచంలో ఇక ఎక్కువ మిగల్లేదట. వాటిని కాపాడుకోవడం ఒక పని. వాటి జబ్బులు మనకూ, మన జబ్బులు వాటికీ ఎలా అంటుకుంటున్నాయో కనిపెట్టడం రెండో పని. ఈ రెండూ నేర్చుకోవడానికి పెద్ద పెద్ద చదువులు చదివిన పిల్లలు విమానాలెక్కి వస్తారు. వచ్చాక వాళ్ళకు అప్పజెప్పే మొదటి పని కోతి మలం ఎత్తడం. చెట్టు కింద మెడ పైకెత్తి కూర్చోవాలి. పడ్డాక చేతికి తొడుగు వేసుకుని, చిన్న పుల్లతో సీసాలోకి తీయాలి. మొదటి రోజు వాళ్ళ ముఖాలు చూడాలి! నవ్వాపుకోలేక నేను జీపు వెనక్కి పోతాను. ఆ సీసాల్లోంచే మంద ఆరోగ్యమంతా తెలుస్తుందని తర్వాత వాళ్ళే నాకు పాఠం చెబుతారు.

అన్నయ్య ఈ కేంద్రంలోనే కోతుల వెంట తిరిగే పని చేసేవాడు. లారీ గుద్ది పోయాడు. అప్పటికి వాళ్ళ పిల్ల ఇంకా పాకుతోంది. కేంద్రం వాళ్ళు వదినకు గదులు ఊడ్చే పనీ, సీసాలు కడిగే పనీ ఇచ్చారు. ఆ రోజుల్లో వదిన నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడీ మాట చెబితే ఎవరూ నమ్మరు. నా భార్యయితే పడీపడీ నవ్వుతుంది.

ఆమెను మార్చింది దగ్గుల ఏడాది. ఎవరో పెద్దమనిషి కోతుల్ని చూడాలని వచ్చాడు. ముక్కు చీదుతూనే వచ్చాడు, చీదుతూనే లోపలికెళ్ళాడు, ఫొటోలు తీసుకుని పోయాడు. కొద్ది రోజులకు చెట్ల మీద దగ్గులు మొదలయ్యాయి. కోతి దగ్గు మీరు విన్నారా? అచ్చం చంటిపిల్లల దగ్గులా ఉంటుంది. మనకు మూడు పూటల్లో పోయే జలుబు వాటి ఊపిరితిత్తుల్ని తినేసింది. మనుషులు చాలక, ల్యాబులో సీసాలు కడిగే వదినను కూడా చచ్చిన కోతుల్ని మోసుకురావడానికి అడవిలోకి తీసుకెళ్ళారు. ఒక తల్లికోతి చచ్చి పడి ఉంటే, పిల్ల దాని రొమ్ము పట్టుకుని వదలడం లేదు. దాన్ని వేళ్ళు విడదీసి లాగింది వదినే. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. తన పిల్లను ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. "ఒక్క ముక్కు, మరిదీ. ఒక్క ముక్కు ఆపేవాళ్ళు లేకపోయారు" అంది.

మర్నాడు ఆఫీసుకెళ్ళి, గేటు దగ్గర తనకో కుర్చీ కావాలని అడిగింది. ఇచ్చారు. అప్పటినుంచి ఆ కుర్చీ ఆమెది. పొద్దున్నే ఎవరు అడవిలోకి వెళ్ళాలన్నా ఆమె ముందు నిలబడాలి. థర్మామీటరు పెడుతుంది, ముఖానికి మాస్కు ఇస్తుంది, మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఒళ్ళు వెచ్చగా ఉందా? ముక్కు కారుతోందా? ఇంట్లో ఎవరికైనా జలుబుందా? మూడో ప్రశ్న గట్టిది. ఇంట్లో ఒకరికి జలుబుంటే ఆ ఇంటివాళ్ళు, గదిలో ఒకరికుంటే ఆ గదివాళ్ళు, అందరూ వారం పాటు బయటే. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు మన భాషలో ముందు నేర్చుకునేది ఈ మూడు ప్రశ్నలే. వదినలా గొంతు పెట్టి ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటుంటారు.

ఆమె పొరపాట్లు చేయదని కాదు. ఒకసారి విదేశీ ప్రొఫెసరు ఒకాయనను ముక్కు కారుతోందని ఆపేసింది. పాపం, ఆయన ఉదయం సూప్‌లో మిరియాల పొడి బుడ్డి బోర్లించుకున్నాడంతే. మధ్యాహ్నానికి ముక్కు శుభ్రంగా ఉంది, అడవికి వెళ్ళే జీపు మాత్రం లేదు. ఆయన అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. వదిన టీ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, "పొరపాటే బాబూ, ఏం చేయమంటావు? మళ్ళీ కారితే మళ్ళీ ఆపుతా" అంది. ఈ మాటను నేను ఆయనకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. సగం మింగేశాను.

ఇక పిచ్చుక సంగతి. పిచ్చుకంటే వదిన కూతురు. చిన్నప్పుడు క్షణం నోరు మూసేది కాదని నేను పెట్టిన పేరు. ఆ షెడ్ల మధ్యే పెరిగింది. కోతుల డాక్టరు కావాలని పట్టుబట్టి పశువుల డాక్టరు చదువు చదివింది. మొన్నటి ఏడాది ఈ కేంద్రం శిక్షణకే ఎంపికై, తను ఆడుకున్న వరండాలోనే పరదేశపు పిల్లల పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంది. వదిన ఆ పూట మూడుసార్లు ఏదో వంకతో వరండా మీదుగా నడిచింది. నేను చూడలేదనుకుంది.

ఆ శిక్షణ చివర ఒక ఉద్యోగం ఉంది. మందకు ఒక డాక్టరును పెట్టుకుంటున్నారు, అడవి చుట్టుపక్కల ఇళ్ళలో దగ్గులూ జ్వరాలూ కనిపెట్టే పని కూడా ఆ మనిషిదే. పిచ్చుక పుట్టిందే ఆ ఉద్యోగం కోసమన్నట్టుంది. పోటీకి చివరికి ఇద్దరు మిగిలారు, పిచ్చుకా, కళ్ళజోడు అబ్బాయీ. కళ్ళజోడు మంచివాడే, బుర్ర ఉన్నవాడే, వాడి మీద నాకేం కోపం లేదు. ఆఖరి పరీక్ష ఒక రోజంతా మంద వెంట నడవడం. ఎవరు ఎలా నడుస్తారో, ఏం గమనిస్తారో శిక్షణ నడిపే పెద్ద డాక్టరమ్మ వెంటే ఉండి చూస్తుంది. కళ్ళజోడు తన పరీక్ష పూర్తి చేశాడు. మిగిలింది పిచ్చుక.

ఆ ఉదయం పిచ్చుక గేటు దగ్గరికొచ్చింది. థర్మామీటరులో జ్వరం లేదు. ముక్కు కారడం లేదు. పెద్ద డాక్టరమ్మ అప్పటికే జీపెక్కి కూర్చుంది.

"ఇంట్లో ఎవరికైనా జలుబుందా?" వదిన అడిగింది.

"లేదు" అంది పిచ్చుక.

వదిన మాస్కు ఇవ్వలేదు. "ఉంది. రాత్రి నీకు ఆవిరి పట్టింది నేనే. పొద్దున్నే మాత్ర వేసుకున్నావు, అందుకే జ్వరం కనబడట్లేదు. వెళ్ళడానికి లేదు. నీతో ఒకే ఇంట్లో ఉన్నా కాబట్టి నేనూ ఈ కుర్చీలో కూర్చోకూడదు" అంది. లేచి థర్మామీటరు నా చేతిలో పెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. కన్నకూతుర్ని అంతమందిలో! పిచ్చుక ముఖం కందగడ్డయింది. ఇంటి దారి పట్టింది. "అదేంటి వదినా, నాతో ఓ మాట చెప్తే లోపల్లోపల సర్దేవాళ్ళం కదా" అన్నాను. "ఏం సర్దేవాడివయ్యా? కోతులకు నచ్చజెప్పేవాడివా?" అని గయ్యిమంది. అంటూనే కూతురి వెనకే ఇంటికి నడిచింది.

పెద్ద డాక్టరమ్మ దయగల మనిషి. తను వచ్చే వారం శనివారం విమానమెక్కాలనీ, దాని ముందు శుక్రవారానికి పిచ్చుక పూర్తిగా తేరుకుంటే ఆ రోజు పరీక్ష పెడతాననీ చెప్పింది. అదే చివరి అవకాశం. అది దాటితే ఉద్యోగం కళ్ళజోడుదే.

ఆ వారమంతా తల్లీకూతుళ్ళు ఇంట్లోనే. గేటు కుర్చీలో నేను కూర్చున్నాను. నా ప్రశ్నలకు పిల్లలు పళ్ళికిలించడం తప్ప జవాబివ్వలేదు, ఆ గౌరవం నాకెక్కడిది? నా భార్య వండిన అన్నం సాయంత్రం వాళ్ళ గుమ్మం ముందు పెట్టి, దూరంగా నిలబడి పలకరించేవాణ్ణి. పిచ్చుక మంచం మీద అటు తిరిగి పడుకునేది. వదిన ఇటు తిరిగి కూరగాయలు తరిగేది. "అది తింటోందా?" అంటే, "దాన్నే అడుగు" అనేది. "నువ్వు తింటున్నావా?" అంటే ఇంకో వంకాయ అందుకుని తరిగేది. నాకు ఒళ్ళు మండేది. ఆ గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చెడామడా తిట్టాను. ఇద్దరూ విననట్టే ఉన్నారు.

గురువారానికి పిచ్చుక తేరుకుంది. ల్యాబువాళ్ళు వచ్చి దాని గొంతులోంచి దూదిపుల్లతో తీసి చూశారు, ఏమీ లేదన్నారు. వదినకూ అప్పుడే చూశారు, ఏమీ లేదు. నేను ఆఫీసు ముందే చిన్నపిల్లాడిలా గెంతానని వంటాయన ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

శుక్రవారం ఉదయం నేను జీపు తెచ్చేసరికి వదిన కుర్చీలో ఉంది. నాతో మాట్లాడలేదు, తల ఊపింది. బుగ్గన లవంగం పెట్టుకుంది. పంటి నొప్పేమో అనుకున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చి ఉంటుందిలే అనుకున్నాను. పెద్ద డాక్టరమ్మకూ, ఇద్దరు పిల్లలకూ థర్మామీటరు పెట్టి, మాస్కులిచ్చి, మూడేసి ప్రశ్నలడిగి పంపింది. గొంతు బొంగురుగా ఉంది.

చివర పిచ్చుక వచ్చింది. ఒళ్ళు వెచ్చగా ఉందా, ముక్కు కారుతోందా, రెండూ అడిగింది వదిన. మాస్కు చేతిలో పెట్టింది. "వెళ్ళు, ఆలస్యమవుతోంది."

పిచ్చుక కదల్లేదు. "మూడోది అడగలేదు."

"అడిగాననుకో. వెళ్ళవే."

"అడుగమ్మా."

"పరీక్ష చేశారుగా నిన్న, ఇంకేంటి అడిగేది? ఆవిడ ఎదురుచూస్తోంది." వదిన ఎన్నడూ ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. ఆ రోజు ఆమె ముఖం నిండా అదే ఉంది. "నీ కాళ్ళు పట్టుకుంటా, జీపెక్కు తల్లీ."

"అడుగు" అంది పిచ్చుక.

జీపులోని వాళ్ళంతా మెడలు తిప్పి చూస్తున్నారు. వదిన తల వంచుకుంది. ఎవరికీ వినబడీ వినబడనట్టు అడిగింది. "ఇంట్లో ఎవరికైనా జలుబుందా?"

"ఉంది. మా అమ్మకు. తెల్లవారుజామున దిండులో ముఖం పెట్టుకుని దగ్గింది. నేను నిద్రపోతున్నాననుకుంది" అంది పిచ్చుక. అంటూనే చేతిలో ఉన్న మాస్కును తల్లి ముఖానికి తొడిగి, రెండు తాళ్ళూ చెవులకు తగిలించింది.

పెద్ద డాక్టరమ్మ దిగి వచ్చి, దూరంలో నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని మాస్కులోంచి ఏదో అంది. నాకు సగమే అర్థమైంది. అర్థమైన సగం, చాలా బాధగా ఉందనీ, విమానం మార్చుకోవడం తన చేతుల్లో లేదనీ. వదిన మాస్కులు ముట్టుకుంది కాబట్టి ఆ రోజుకు మొత్తం ప్రయాణమే ఆగిపోయింది. అందర్నీ షెడ్డుకు తీసుకెళ్ళి చేతులు కడిగించారు, డాక్టరమ్మ వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళకు వారం పాటు పరీక్షలు చేశారు. ఎవరికీ అంటలేదు. ఆ ఏడాది మందలో పుట్టిన పిల్లలన్నీ బతికాయి.

ఉద్యోగం కళ్ళజోడుకే వచ్చింది. పిచ్చుక ఇప్పుడు పశువుల ఆసుపత్రిలో ఆవులకు సూదులు వేస్తోంది, ఇక్కడ రెండో డాక్టరును ఎప్పుడు పెడతారా అని నెలకోసారి నన్ను అడుగుతుంది. వదిన గేటు దగ్గరే ఉంది. ఇప్పుడు మూడో ప్రశ్న ముందు అడుగుతోంది. ఎందుకలా మార్చావని నేను అడగలేదు.

ఆ శుక్రవారం నేను అందర్నీ దింపడానికి జీపును షెడ్డు వైపు తిప్పుతూ అద్దంలో చూశాను. తల్లీకూతుళ్ళు ఇంటి దారిలో ఉన్నారు. వదిన పొద్దుట్నుంచీ ఆపుకున్న దగ్గంతా ఇప్పుడు వంగిపోయి దగ్గుతోంది. పిచ్చుక ఒక చేత్తో ఆమె వీపు రాస్తూ, రెండో చేత్తో తన కళ్ళు తుడుచుకుంటూ, "దగ్గమ్మా, దగ్గు, ఇక్కడెవరూ లేరు" అంటోంది.