జడపిన్నుల కొరత

నంద్యాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ రోజు మా డ్యాన్స్ స్టూడియో ప్రోగ్రాంలో జడపిన్నుల కొరత ఏర్పడినది. ఇంటర్న్‌షిప్ కోసం ఆళ్లగడ్డ నుంచి వచ్చే కాలేజీ పిల్ల సలోమి, తన తలలోని పిన్నులు పీకి పిల్లోళ్ల పూలజడలకు పెట్టింది. పాటలేసే నేను ఊరుకుంటానా?

"ఏమ్మా, దయ్యం మాదిరి ఉండావ్. మీవాళ్లు చూస్తే భయపడతారు."

"వాళ్లను రమ్మనలేదన్నా. తెర ఎనకాల చూసేకి ఏముంటాది?"

ఫొటోలప్పుడు ఆ పిల్లను ఎవరూ పిలవలే. నన్నూ పిలవలే.

సలోమి బస్టాండుకు పోతాంటే చెప్పినా, ముందు వరసలో కూర్చున్న ఒకామె ఈ జడలు ఎవరేసినారని అడిగిందని. నవ్వుకుంటా బస్సెక్కింది.

ఆ ఒకామెను నేనే పుట్టించినా. మీలో ప్రోగ్రాంకి వచ్చినోళ్లు ఉంటే, కింద కామెంట్లలో ఆ మాట నిజంగా అడగండప్పా.