ఆల్చిప్పల మహిపాల్

మా ఆయనతో పది నిమిషాలు మాట్లాడితే చాలు, మాట ముత్యం దగ్గరికి వచ్చి తీరుతుంది. ఉల్లిగడ్డల ధరతో మొదలైనా, మెట్రో టికెట్‌తో మొదలైనా అంతే. చైతన్యపురిలో మెట్రో స్టేషన్ దగ్గర ఆయనకు మొబైల్ రిపేరు షాపుంది. కోచింగ్ పిల్లలు పగిలిన స్క్రీన్లు పట్టుకుని వస్తారు. ఫోన్ మూత సందులో సన్నటి ప్లాస్టిక్ బద్ద దూర్చి, లోపల ఏదీ తెగకుండా తెరవడంలో ఆయన చెయ్యి మంచిది. ఎవరైనా ఆ మాట పైకి అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "నేను ఫోన్లతోని నేర్చుకోలే తమ్మీ, ఆల్చిప్పలతోని నేర్చుకున్న" అని కథ మొదలుపెడతాడు. ఆ పిల్లలకు క్లాసు టైమవుతోందని, ఫోన్ చేతిలో పెడితే పోదామని ఉంటుంది. ఆయనకు అదేం పట్టదు.

పేరు మహిపాల్. ఊరు నల్గొండ పక్కన. మా పెళ్లికి ముందు ఒక ఏజెంటు ఓడలో ఉద్యోగమని చెప్పి ఇండోనేషియా పంపించాడు. తీరా దిగితే ఓడా లేదు, గీడా లేదు. చిన్న దీవి, దాని చుట్టూ సముద్రంలో ముత్యాలు పెంచే కంపెనీ ఉన్నాయి. మొదటి కొన్నేళ్లు చిప్పలు కడగడమే ఆయన పని. అన్నం తినే పళ్లెమంత ఉంటాయట ఆ ఆల్చిప్పలు. తాళ్లకు కట్టిన వల బుట్టల్లో నీళ్ల లోపల వేలాడుతుంటాయి. వాటి మీద నాచూ, పురుగూ పుట్రా పేరుకుంటే సరిగ్గా తిండి తినలేవు. అందుకని పడవలోకి లాగాలి, గీకాలి, కడగాలి, మళ్లీ దింపాలి. చివరి వరుస కడగడం అయ్యేసరికి మొదటి వరుస మళ్లీ నాచు పట్టి ఉంటుంది. మా ఇంట్లో గిన్నెల సంగతీ ఇంతే, కాని నేను దాని మీద ఎవరికీ ఉపన్యాసాలు ఇవ్వను.

పని చూసి మెచ్చి ఆ తర్వాత చిప్పలకు కోత పెట్టే ఆపరేషన్ గదిలోకి తీసుకున్నారు. అక్కడే ఆయనకు ఈ ముత్యాల పిచ్చి ముదిరింది. తొమ్మిదేళ్లు అక్కడే ఉండి, మధ్యలో సెలవు మీద వచ్చి నన్ను పెళ్లి చేసుకుని, చివరికి కరోనా పుణ్యమా అని ఇల్లు చేరాడు. వస్తూ వస్తూ ఒకే ఒక్క ముత్యం తెచ్చాడు. ఆయన సొంతంగా కోత పెట్టిన మొదటి చిప్పలో పండింది. పిల్లలు ఆడే గోలీ కన్నా కొంచెం చిన్నది, వెండి రంగులో ఉంటుంది. నడుమ మొలతాడు కట్టినట్టు ఒక గీత పడింది కాబట్టి నెక్లెసుకు పనికిరాదని కంపెనీ వాళ్లు ఆయనకే ఇచ్చేశారు. దాన్ని దూది చుట్టి, కుంకుమ భరిణెలో పెట్టి, బీరువాలో నా పట్టుచీరల మధ్య దాచాడు. చీర తీయాలంటే ముందు దాని అనుమతి తీసుకోవాలి.

ఇంత గొడవా ఎవరి కోసమంటే, మా మామ బక్కయ్య కోసం. మామ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో మామిడికాయలు ఏరి వేరుచేసేవాడు. కాయ చేతిలోకి తీసుకుంటే అది ఎప్పటికి పండుతుందో చెప్పేసేవాడట. మార్కెట్ తరలిపోయాక మోకాళ్ల నొప్పులతో ఇంట్లో కూర్చున్నాడు. కొడుకు సముద్రంలో చిప్పలు కడిగాడని నలుగురిలో చెప్పుకోవడం ఆయనకు నామోషీ. ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా చుట్టాలాయన "మహిపాల్ గన్నేండ్లు ఏం పని జేసిండు బావా?" అని అడిగితే, మామ తడుముకోకుండా "ఓడల ఆఫీసరు కింద ఉండె" అన్నాడు. మా ఆయన పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందులోని బిర్యానీ అట్లాగే చల్లారిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన ఊరుకోలేదు. "నాయినా, ఒక్క మనిషి ముంగట, ఒక్కసారి, నా కొడుకు ముత్యాలు పెంచిండు అని చెప్పరాదా? నేనేమన్న దొంగతనం జేసిన్నా?"

"ముత్యాలు పెంచుడేంది? అవేమన్న కోళ్లా?" అన్నాడు మామ, టీవీ రిమోట్ వెతుక్కుంటూ.

ఆ రోజు నుంచి నాకు నరకం మొదలైంది. రాత్రి అన్నాల దగ్గర మా ఆయన పాఠం చెప్తాడు, మామ టీవీ సౌండు పెంచుతాడు. ఆయన గొంతు పెంచుతాడు, ఈయన ఇంకో రెండు గీతలు పెంచుతాడు. చిప్ప దానంతటది నోరు తెరిచే దాకా ఆగి సందులో బద్ద పెట్టాలట. బలవంతంగా తెరిస్తే చచ్చిపోతుందట. లోపల చిన్న గాటు పెట్టి, గుల్ల చెక్కి చేసిన గుండ్రటి పూసను దూర్చాలి. ఇంకో చిప్ప అంచు కండలోంచి కోసిన ముక్కను ఆ పూసకు ఆనించి పెట్టాలి. ఆ ముక్కే పెరిగి పూస చుట్టూ సంచిలా అల్లుకుని, దాని మీద మెరుపు పొరలు పోస్తుంది. ఆ తర్వాత చిప్పను తిప్పి తిప్పి పెట్టాలి, పూసను బయటికి కక్కేసిందేమో ఎక్స్‌రే తీసి చూడాలి, రెండేళ్లు కడుగుతూ కాపలా కాయాలి. ఇదంతా నేను ఎందుకు నేర్చుకున్నానో నాకే తెలియదు. పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ పరీక్షకు తయారైపోయాను. మామ మాత్రం వార్తలు చదివే అమ్మాయి ముఖం మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు.

ఇట్లా ఉండగా మొన్న ఆదివారం మా ఎదురు ఫ్లాట్ వేదవతి గారు చార్మినార్ వెళ్లి ముత్యాల సెట్టు కొనుక్కొచ్చారు. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఏ వస్తువు కొన్నా మా గుమ్మం ఎక్కకపోతే ఆవిడకు నిద్ర పట్టదు. మా ఆయన షాపులో ఉన్నాడు. మామ హాల్లో పేపరు చదువుతున్నాడు.

"చూడమ్మా రమ్యా, అసలైన ముత్యాలు. షాపతను నా కళ్లముందే లైటర్ వెలిగించి మంట చూపించాడు. మసి పట్టింది, తుడిస్తే పోయింది. అదే ప్లాస్టిక్ అయితే కరిగిపోతుందంట" అన్నారు.

బాగున్నాయన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. మా ఆయనది కూడా ఒకటుందని చెప్పి భరిణె తెచ్చి చూపించాను. ఆవిడ వేళ్ల మధ్య తిప్పి చూసి, పంటి మీద రుద్ది చూసి, నవ్వారు.

"ఇంత లావు ముత్యం ఎక్కడైనా ఉంటుందా అమ్మా? స్వాతి కార్తెలో చినుకు పడి తయారయ్యేది ఎంతుంటుంది చెప్పు. పాపం మీ ఆయన్ని ఎవరో మోసం చేశారు. ఇది ప్లాస్టిక్."

పేపరు చప్పుడైంది. మామ లేచాడు. మోకాళ్ల నొప్పి అని మంచినీళ్ల గ్లాసు కూడా నాతో తెప్పించుకునే మనిషి, చకచకా వచ్చి ఆవిడ చేతిలోంచి ముత్యం తీసుకున్నాడు.

"ప్లాస్టిక్ గాదమ్మా. జర ఆగుండ్రి, సూపిస్త."

జేబులోంచి బీడీల లైటర్ తీసి మంట పెట్టాడు. మసి పట్టింది, పంచె అంచుతో తుడిచాడు, పోయింది. అప్పుడైనా ఆపొచ్చు.

"ఆ మాత్రం సేపు ప్లాస్టిక్ కూడా ఆగుతుంది లెండి బాబాయిగారూ" అన్నారు వేదవతి గారు.

ఆ మాటతో మామకు పట్టుదల వచ్చింది. నేరుగా వంటింట్లోకి నడిచి, పట్టుకారుతో ముత్యాన్ని పట్టుకుని, స్టవ్ అంటించి మంట మీద పెట్టాడు. "మామా, వద్దు, ఆయనొస్తే సంపుతడు" అని చెయ్యి పట్టుకుని లాగాను. "నువ్వు జరుగు బిడ్డా" అన్నాడు. వెండి రంగు గోధుమ రంగైంది. ఆ పైన టప్పున ఒక చప్పుడు. పైపొర పెచ్చులుగా ఊడి స్టవ్ మీద రాలింది. లోపల ఇంకో గుండు, పాలిపోయిన తెల్లటిది, బయటపడింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు.

"చూశారా, నేను చెప్పలా? లోపల పూస పెట్టి పైన పూత పూశారు. డూప్లికేట్" అన్నారు వేదవతి గారు.

మా ఆయన నోరు తెరిచాడు. మామ చెయ్యెత్తి ఆపాడు.

"డూప్లికేట్ ఎట్లయితదమ్మా? మామిడిపండుల టెంక ఉంటది, గది డూప్లికేటా? గా పూస వీడు పెట్టిందే. చిప్ప నోరు దానంతటదే తెరిస్తెనే పెట్టాలె, గుంజితె సస్తది. పూస ఒక్కటే పెడితె ఏం గాదు, ఇంకో చిప్ప కండ ముక్క తెచ్చి పక్కన ఆనియ్యాలె. గదే సంచి తీర్గ పెరిగి పొరలు కడ్తది. మూడేండ్లు కాపలుండాలె."

"రెండేండ్లు నాయినా" అన్నాడు మా ఆయన, మెల్లగా.

"నువ్వు నడుమ రాకు. చెప్తున్న గద."

నేను నోరెళ్లబెట్టాను. ఇన్ని రాత్రులు సౌండు పెంచి నా చెవులకు చిల్లులు పొడిచిన మనిషి ఆ ఒక్క ఏడాది తప్ప పొల్లు పోకుండా అప్పజెబుతున్నాడు. విన్నవాడివి విన్నానని ఒక్క మాట చెబితే ఇంట్లో టీవీ అయినా ప్రశాంతంగా మోగేది కదా అని ఒళ్లు మండిపోయింది.

వేదవతి గారు ఊరికే వదిలే మనిషి కాదు. "అదేంటి బాబాయిగారూ, మీ అబ్బాయి ఓడలో చేశాడని మీరే కదా చెప్పారు?"

మామ పట్టుకారు గట్టు మీద పెట్టాడు. స్టవ్ కట్టేశాడు.

"ఓడల గాదమ్మా. చిప్పలు కడిగిండు. ఉప్పు నీళ్లల్ల, ఎండల, చేతులు కోసుకపోంగ ఏండ్లకేండ్లు కడిగిండు. గట్ల కడిగి కడిగి కోత పెట్టుడు నేర్చిండు. నా కొడుకు ముత్యాలు పెంచిండు."

ఆవిడ సెట్టు పెట్టె మూసుకుని, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్లిపోయారు. మా ఆయన అప్పటికీ హెల్మెట్ తీయలేదు. స్టవ్ మీద పెచ్చులు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో వేసుకుంటున్నాడు. కళ్లు తుడుచుకోవాలంటే హెల్మెట్ అద్దం అడ్డం వస్తోంది. మామ పక్కనే నిలబడి, "కాలుతది, ఆగు, జర సల్లారనియ్యి" అంటున్నాడు.

ఆ ఒక్క మాట ఫంక్షన్ హాల్లోనే అని ఉంటే ముత్యం మిగిలేది. వాళ్లిద్దరిలో ఒక్కరికైనా ఆ బెంగ ఉన్నట్టు నాకు కనబడలేదు.