పెరట్లో వావిలి

నాకు అయిదో నెల రాగానే మా అత్తగారు పెరట్లో వావిలి కొమ్మ నాటారు. కాన్పయ్యాక ఆ ఆకు వేసి కాచిన నీళ్ళు పోస్తే ఒళ్ళు నొప్పులు తగ్గుతాయట. ఒకప్పుడు చేలగట్ల మీద కావలసినంత ఉండేదట. ఇప్పుడు మిర్చి కోసం గట్లు కూడా దున్నేశారు.

మాది ఒంగోలుకి ఇవతల పల్లె. బోరు నీళ్ళు ఉప్పు. నేను పాఠాలు చెప్పే బడినుంచి వస్తూ ముచ్చటపడి తెచ్చుకున్న గులాబీలన్నీ ఆ నీళ్ళకి ఆకులంచులు మాడి చచ్చాయి. వావిలికి ఆ నాజూకులేమీ లేవని, మేకలు కూడా మూతి పెట్టవని అత్తగారి ధీమా. మా నల్లరేగడి వానొస్తే బంక, ఎండకాస్తే నెర్రెలు. అందుకని గుంట అడుగున ఇటుక ముక్కలూ ఇసుకా పోసి, కాస్త ఎత్తు చేసి నాటారు. గిన్నెలు కడిగిన నీళ్ళే దానికి దిక్కు.

బిడ్డ పుట్టకముందే ఏదీ సిద్ధం చేసుకోకూడదని పక్కింటావిడ గోడ మీంచి అంది. ఉయ్యాల కొన్నామా ఏంటి, మొక్కేగా అని అత్తగారు కొట్టిపారేశారు. నేనూ నవ్వాను.

ఆ ఎండల్లో పెరడంతా గడ్డిపోచ మిగలకుండా ఎండింది. వావిలి మాత్రం చిగుళ్ళేసి నా నడుం దాకా గుబురుగా పెరిగింది.

తొమ్మిదో నెలలో గుంటూరు పెద్దాసుపత్రిలో కాన్పయింది. పాప కడుపులోనే పోయిందన్నారు. గుడ్డలో చుట్టి ఒక్కసారి చూపించి, మా ఆయన చేతికిచ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తూ, ఇంత ఆసుపత్రి పెట్టుకుని అదైనా తుడిపించరా అని చిరాకుపడ్డాను.

ఇంటికొచ్చాక దాన్ని ఎవరూ కాన్పు అనలేదు. 'అలా జరిగింది' అన్నారు. బడిలో వాళ్ళు రెస్ట్ తీసుకోండి మేడం అన్నారు. పాలు పడి జాకెట్టు తడుస్తుంటే తువ్వాలు మడిచి పెట్టుకునేదాన్ని. మా ఆయన ఆ వావిలి నా కళ్ళపడకూడదని పలుగు తీశాడు. అత్తగారు అడ్డుపడ్డారు. ఇద్దరూ నా వైపు చూశారు. ఉంచినా పీకినా నాకు ఒకటేనన్నాను. నిజంగానే ఒకటే.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చేటెడు ఆకు దూసి, గుండిగలో మరగబెట్టి, నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఆ ఘాటుకి నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

"ఇవన్నీ ఎందుకత్తయ్యా, బిడ్డే లేదుగా."

"బిడ్డ లేకపోతే బాలింతవి కాకుండా పోతావా? తల వంచు."

బాలింత అని నన్ను అప్పటిదాకా ఎవరూ అనలేదు. వేడి నీళ్ళు వీపు మీద పడ్డాయి. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఆసుపత్రికి రాలేకపోయారు, పాపని చూడలేదు. నాలుగు చెంబులు పోశాక, ఏ పసిబిడ్డ గురించైనా అడిగినట్టే అడిగారు.

"జుట్టుందా, అమ్మాయ్?"

"ఉందత్తయ్యా. ఒత్తుగా ఉంది."

ఆవిడ ఇంకో చెంబు ముంచారు.

"వాళ్ళ నాన్నకీ అంతే, పుట్టినప్పుడు," అన్నారు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఊరుకోమనలేదు, నీళ్ళు పోస్తూనే ఉన్నారు.